రెండు పదహార్లు

ప్యారడైజ్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికి పదకొండు దాటింది. శనివారం. సీటీసీలో షట్టర్లన్నీ లేచే ఉంటాయి, రద్దీ మాత్రం ఇంకా పుంజుకోలేదు. పార్క్ లేన్ వైపు నడుస్తూ చొక్కా జేబులోంచి కాగితం తీసి మళ్లీ చూసుకున్నావు. ప్రాసెసర్, బోర్డు పక్కన టిక్కులున్నాయి. అవి ఇంటికి చేరి చాలా రోజులైంది: రైజెన్ 5 7600, బీ650 బోర్డు. గ్రాఫిక్స్ కార్డు ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. దానికి డబ్బు విడిగా తీసిపెట్టావు. పవర్ సప్లై, ఎస్ఎస్‌డీ, కేబినెట్, కూలర్, అన్నిటికీ ఎదురుగా ఒక్కో అంకె రాసుంది. ర్యామ్ ఎదురుగా ఉన్నది మాత్రం కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసిన అంకె.

సీటీసీ అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్. జంటనగరాల్లో కంప్యూటర్ సామాను అనగానే నోటికొచ్చే పేరు ఇదే. లోపల ఇరుకు వరండాలు, అటూ ఇటూ అద్దాల కౌంటర్లు, వాటి వెనక పైకప్పు దాకా పేర్చిన మదర్‌బోర్డు డబ్బాలు, కేబుల్ చుట్టలు. భుజమ్మీద మానిటర్ డబ్బా పెట్టుకున్న కుర్రాడొకడు "సైడ్, సైడ్" అంటూ నిన్ను రాసుకుంటూ పోయాడు. ఎక్కడో ప్యాకింగ్ టేపు చర్రుమంటోంది. మెట్లెక్కి ఒక మూల కొట్టు ముందు ఆగావు. కౌంటర్ అద్దం కింద ర్యామ్ స్టిక్కులు ఎరుపు నుంచి నీలానికి, నీలం నుంచి ఆకుపచ్చకి మారుతూ వెలుగుతున్నాయి.

"ఏం గావాలె తమ్మీ?"

"గేమింగ్ పీసీకి ర్యామ్ అన్నా. నాది బీ650 బోర్డు."

బోర్డు పేరు చెప్పగానే ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. వచ్చినవాళ్లలో చాలామంది "పదహారు జీబీ ర్యామ్ ఎంత" అని మొదలుపెడతారు. బోర్డేంటో, ప్రాసెసరేంటో ఒక్కొక్కటీ ఆయనే రాబట్టుకోవాలి. సొరుగులోంచి టెస్టింగ్ కోసం వాడుకునే రెండు ఒట్టి స్టిక్కులు, ఒకటి డీడీఆర్4, ఇంకొకటి డీడీఆర్5, తీసి అద్దం మీద పెట్టాడు.

"దూరంకెళ్లి చూస్తే రెండూ ఒక్కటే లెక్క. చేతిల పట్టుకోని చూడు."

పట్టుకున్నావు. పొడుగు ఒకటే. అడుగున బంగారు రంగు పిన్నుల వరస, డీడీఆర్4కైనా డీడీఆర్5కైనా 288. ఆ వరసను చీలుస్తూ ఒక చిన్న గాడి ఉంది. బొటనవేలి గోరుతో తడిమితే తెలుస్తోంది: 5లో గాడి మధ్యకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగకూడదనే అలా చేశారు. 4 నడిచేది 1.2 వోల్టుల మీద. 5 మూల వోల్టేజి 1.1, దాన్ని సర్దే పని కూడా బోర్డు నుంచి తీసి స్టిక్కుకే అప్పజెప్పారు. నడుమ కనిపిస్తున్న ఆ చిన్న నల్ల చదరం అందుకే. నీ బోర్డు మీది ఏఎం5 సాకెట్ 2022 సెప్టెంబరులో వచ్చిన నాటి నుంచీ 5 తప్ప ఇంకోటి తీసుకోదు కాబట్టి నీకు అయోమయం లేదు. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్నవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఆ ప్రాసెసర్లు రెండింటికీ ఒప్పుకుంటాయి, బోర్డు మామూలుగా ఒకదానికే ఒప్పుకుంటుంది.

అన్న వెనక్కి తిరిగి ఒక డబ్బా తీశాడు. పెద్దది కాదు, అరచేతిలో పడుతుంది.

"ఒక్క పదహారుది ఏస్కో. పైసలు జమైనంక ఇంకోటి కలుపుకో. మస్తుమంది గట్లనే చేస్తుండ్రు ఇప్పుడు."

ఆయన చెడు చెప్పడం లేదు. నీ కాగితం మీది కొట్టివేతలు ఆయనకీ కనబడుతున్నాయి. అయినా ఇక్కడ ఆగు. ర్యామ్ కొనడంలో అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఎన్ని జీబీలు, ఎంత వేగం అన్నవి దీని తర్వాతే.

ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య నీ బోర్డు మీద రెండు దారులున్నాయి. వాటినే చానెళ్లంటారు. ఒక్క స్టిక్కు పెడితే ఒక్కటే నడుస్తుంది. చెరువు నిండా నీళ్లుండి ఒక్క తూమే ఎత్తినట్టు. 6000 వేగం స్టిక్కు ఒక్కటైతే సెకనుకి గరిష్ఠంగా 48 జీబీ పారుతుంది, రెండైతే 96. సినిమా చూసేటప్పుడు ఈ తేడా నీకు తెలియదు. ఆటలో తెలుస్తుంది, అదీ సగటు ఫ్రేముల్లో కన్నా ఎక్కువగా అట్టడుగు ఫ్రేముల్లో. నలుగురు ఒకేసారి తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చిన క్షణాన తెర ఒక్కసారి తడబడుతుందే, ఆ చోట.

పక్క కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు కలగజేసుకున్నాడు. "డీడీఆర్5ల ఒక్క స్టిక్కులనే రెండు చానెల్సుంటయి బ్రో."

ఉంటాయి. కానీ అతననుకున్నట్టు కాదు. డీడీఆర్4లో 64 బిట్ల వెడల్పుతో ఒకే దారి ఉండేది, 5లో దాన్నే 32, 32గా విడగొట్టారు. పనులు సర్దుకోవడం సులువవుతుంది, వెడల్పు మాత్రం పెరగదు. రెండో స్టిక్కు చేసే పని రెండో స్టిక్కే చేయాలి.

మరి ఇవాళ ఒకటి, ఆరు నెలలకి ఇంకొకటి? అదే కంపెనీ, అదే మోడల్ దొరికినా లోపలి చిప్పులు అప్పటికి వేరేవాళ్లవి కావచ్చు. డబ్బా మీది పేరు కోర్సెయిర్, జీ.స్కిల్, కింగ్‌స్టన్, ఏదైనా కానీ లోపల చిప్పులు చేసేది ఎక్కువగా ముగ్గురే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. విడివిడిగా కొన్న రెండు స్టిక్కులు చాలాసార్లు కలిసి పనిచేస్తాయి. చేయనప్పుడు ఎవరినీ అడగలేవు. జతగా ఒకే డబ్బాలో వచ్చినవైతే, ఆ రెండూ కలిసి ఆ వేగంలో నడుస్తాయని కంపెనీ పరీక్షించి అమ్ముతుంది. పూచీ ఆ జతకే.

"పోనీ రెండు ఎనిమిదులు?" నువ్వే అడిగావు.

అన్న తల ఊపాడు గానీ ఉత్సాహంగా కాదు. కారణం ఉంది. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కు మీద మామూలుగా నాలుగే చిప్పులుంటాయి, 16 మీద ఎనిమిది. ఆ నాలుగు చిప్పుల రకంలో లోపలి బ్యాంకు గ్రూపులు సగమే, కాబట్టి పని పంచుకోవడమూ తగ్గుతుంది. పైగా ముందుముందు చాలకపోతే ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో ఇంకో రెండు పెడదామనుకుంటావు. నాలుగు స్లాట్లున్నాయి కాబట్టి నాలుగూ నింపొచ్చనే అందరూ అనుకుంటారు. నీ ప్రాసెసర్‌కి ఏఎండీ ప్రకటించిన లెక్క చూడు: రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600. నాలుగూ వేగంగా నడిచిన సందర్భాలు లేకపోలేదు, కానీ మొదటిసారి పీసీ అసెంబుల్ చేసుకునేవాడు ఆ జూదం ఆడకూడదు. నన్నడిగితే ఏఎం5 బోర్డు మీద మిగిలిన రెండు స్లాట్లూ లేవనే అనుకోవాలి.

అంటే రెండు పదహార్లు. అన్న క్యాలిక్యులేటర్ మీద టకటకా కొట్టి, నీ వైపు తిప్పాడు. నోటితో చెప్పలేదు.

ఆ అంకె చూసి నీ గొంతు తడారింది. కిందటి వేసవిలో ఇదే డబ్బా రేటు నీకు గుర్తుంది. "సాయంత్రం దాక ఇదే రేటు తమ్మీ. రేపటిది నేన్జెప్పలేను."

ఆయన తప్పేం లేదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. చిప్పులు చేసే ఆ ముగ్గురూ తమ ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగాన్ని సర్వర్ మెమరీకి, ఏఐ చిప్పుల పక్కన కూర్చునే హెచ్‌బీఎం మెమరీకి మళ్లించారు. మనలాంటివాళ్లు కొనే స్టిక్కులకి మిగిలింది తక్కువ. కొన్ని నెలల్లోనే ధరలు రెట్టింపు దాటిపోయాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. తొలిసారి పీసీ అసెంబుల్ చేసుకునే కుర్రాళ్లు ఏళ్ల తరబడి నమ్ముకున్న పేరది. ఒకప్పుడు ర్యామ్ అంటే లిస్టులో ఆలోచించకుండా టిక్కు పెట్టే వస్తువు. ఇప్పుడు బడ్జెట్ మొత్తాన్నీ అటూ ఇటూ ఊపేస్తోంది.

ఫోన్ మోగింది. నాన్న.

"తీస్కున్నవా బిడ్డా?"

"చూస్తున్న నాన్నా. ర్యామ్ రేటు మస్తు పెరిగింది. ముప్పై రెండు జీబీ తీస్కుందామంటే..."

"గ్రాఫిక్స్ కార్డులనే పదహారు జీబీ ఉన్నదంటివి గదా. మల్లా ముప్పై రెండెందుకురా?"

న్యాయమైన ప్రశ్న. కార్డు మీది పదహారు కార్డు సొంతం. తెరమీద కనిపించే గోడల బొమ్మలు, మనుషుల చర్మం, నీడల లెక్కలు అందులో ఉంటాయి. ఆట నడిపించే ప్రోగ్రాం, శత్రువులు ఎక్కడెక్కడున్నారో, ఎటు కదులుతారో ఆలోచించే భాగం, శబ్దాలు, దాంతోపాటు విండోస్, వెనక తెరిచిపెట్టిన బ్రౌజర్, డిస్కార్డ్, ఇవన్నీ బోర్డు మీది ర్యామ్‌లోనే. ఒకదాంట్లో ఖాళీ ఉంటే రెండోదానికి సరిగ్గా అక్కరకు రాదు. ఇదంతా నాన్నకి "అది వేరే, ఇది వేరే నాన్నా" అని ఒక్క ముక్కలో చెప్పావు. "సరే, నీకు దెలుసు" అన్నాడాయన. ఆ మాటతో నీ మీద బరువు ఇంకాస్త పెరిగింది.

ముప్పై రెండు నిజంగా కావాలా? 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 అడిగింది కనీసం 4 జీబీ, ఉంటే మంచిదన్నది 8. సైబర్‌పంక్ 2077ని 2023లో సరిచేసి విడుదల చేసినప్పుడు కనీసం 12, మంచిదన్నది 16. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 కనీసం 16 అంటుంది, మంచిదన్నది 32. ఇవాళ్టి ఆటల్లో చాలావాటికి 16 సరిపోతుంది, అందులో అబద్ధం లేదు. వాలరంట్, కౌంటర్‌స్ట్రైక్ ఆడుకునేవాడికి నిక్షేపంగా సరిపోతుంది. కానీ నువ్వు ఈ యంత్రాన్ని నాలుగైదేళ్లు వాడతావు, ఇంజినీరింగ్ ప్రాజెక్టులూ దీని మీదే చేస్తావు, బోర్డు మీద రెండు స్లాట్లే ఉన్నాయని ఇప్పుడే ఒప్పుకున్నావు. అప్పుడు మార్చాలంటే కలపడం కుదరదు, పాతవి తీసేసి కొత్తవి కొనాలి.

కాగితం మళ్లీ విప్పావు. ఎక్కడ కోయాలి? గ్రాఫిక్స్ కార్డు మీద చెయ్యి వెయ్యొద్దు. ఆట ఆడేది దాని మీదే, ర్యామ్ కోసం దాన్ని ఒక మెట్టు దించితే రెండు విధాలా నష్టం. పవర్ సప్లై జోలికి అసలే పోవద్దు. కింద చూడు. లిక్విడ్ కూలర్ రాసుకున్నావు. నీ 7600 డబ్బాలోనే ఏఎండీ కూలర్ ఒకటి వచ్చింది, 65 వాట్ల ప్రాసెసర్‌కి అది చాలు. కొట్టెయ్. మూడువైపులా అద్దాలు, ఆరు రంగుల ఫ్యాన్లున్న కేబినెట్ రాసుకున్నావు. ముందువైపు జాలీ ఉండి గాలి బాగా ఆడే మామూలు కేబినెట్ దాంట్లో సగానికొస్తుంది. మార్చెయ్. కాగితం మీద పెన్నుతో గీస్తుంటే కౌంటర్ అవతల అన్న ఓపిగ్గా టీ తాగుతున్నాడు. లెక్క పూర్తిగా కుదరలేదు, కానీ చాలా దగ్గరికొచ్చింది.

"లైట్లు లేనివి చూపించన్నా."

అద్దం మీద ఇప్పుడు నాలుగు డబ్బాలు. 5200 సీఎల్40. 6000 సీఎల్36. 6000 సీఎల్30. చివరిది 7200 సీఎల్34, దాని రేటు అడగడానికే భయమేసింది. డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండేది మొదటి అంకె. రెండోది వెనక స్టిక్కరు మీద చిన్నక్షరాల్లో ఉంటుంది. ప్రాసెసర్ "ఆ సమాచారం ఇవ్వు" అని అడిగాక మొదటి ముక్క బయటికి రావడానికి ఎన్ని గడియారపు టిక్కులు పడతాయో అదే సీఎల్. ఏ అంకెకా అంకె చూస్తే మోసపోతావు, రెండూ కలిపి చూడాలి. సీఎల్‌ని రెండువేలతో హెచ్చించి, వేగంతో భాగించు. నానోసెకన్లు వస్తాయి.

ఫోన్‌లో వేశావు. 5200 సీఎల్40కి 15.4. 6000 సీఎల్36కి 12. 6000 సీఎల్30కి సరిగ్గా 10. 7200 సీఎల్34కి 9.4. పదేళ్ల కిందటి నుంచీ దొరికే డీడీఆర్4 3200 సీఎల్16కి వేస్తే? అదీ పదే. డీడీఆర్5లో పెరిగింది ముఖ్యంగా ప్రవాహం, మొదటి చుక్క రావడానికి పట్టే వ్యవధి కాదు.

మరి 7200 ఎందుకొద్దు? నీ ప్రాసెసర్‌లో మెమరీని నడిపే కంట్రోలర్ 6000 దాకా, కొన్నిట్లో 6400 దాకా, మెమరీ గడియారంతో సమానంగా అడుగేస్తుంది. అది దాటితే సగం వేగానికి దిగుతుంది. ఎక్కువ డబ్బు పోసి కొన్న వేగంలో కొంత అక్కడే పోతుంది. రైజెన్ 7000లు వచ్చినప్పుడు ఏఎండీవాళ్లే 6000 దగ్గర ఆగమన్నారు. 7800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్ అయితే దాని లోపలే 96 ఎంబీ క్యాషే ఉంటుంది, మెమరీ కాస్త నెమ్మదైనా లోటు కప్పేస్తుంది. నీ 7600లో ఉన్నది 32 ఎంబీ. ప్రాసెసర్ మాటిమాటికీ బయటికి చెయ్యి చాచాల్సిందే. అందుకే సీఎల్30, సీఎల్36 మధ్య ధరలో తేడా కొద్దిపాటిదైతే సీఎల్30 తీసుకో. తేడాతో ఒక మంచి ఎస్ఎస్‌డీ వచ్చేస్తుందంటే సీఎల్36 తీసుకో, ఆటలో కళ్లకి ఆనదు. ఇవాళ ఈ కొట్లో తేడా కొద్దిదే.

సీఎల్30 డబ్బా తిప్పి చూశావు. 30-38-38-96, 1.35 వోల్టులు, 16 జీబీ ఇంటూ 2. ఎక్స్‌పో గుర్తు ఉంది. ఆ గుర్తు ఏఎండీ బోర్డుల కోసం, ఎక్స్ఎంపీ ఇంటెల్‌ది. వోల్టేజి వంక చూసి భయపడకు, మూల వోల్టేజి 1.1 అయినా ఈ వేగానికి 1.35 మామూలే. మోడల్ నంబరు పొడుగ్గా ఉంది, అక్షరాలూ అంకెలూ కలిసిపోయి. దాన్ని ఫోన్‌లో నీ బోర్డు కంపెనీ సైటులో, పరీక్షించిన మెమరీల జాబితాలో వెతికావు. దొరికింది. జాబితాలో లేనివి నడవవని కాదు, ఉన్నది దొరికినప్పుడు లేనిది కొనడం దేనికి?

"బిల్లు మీద రెండిటి సీరియల్ నంబర్లు రాయన్నా."

"కంప్యూటర్ బిల్లే ఇస్త తమ్మీ, జీఎస్టీతోటి." దిగుమతిదారు పేరున్న స్టిక్కరు మీద వేలు పెట్టి చూపించాడు. "వారంటీకి వీళ్లకాడికే పోవాలె. డబ్బా పారెయ్యకు."

మధ్యాహ్నానికి మిగతావన్నీ కొనేశావు. సికింద్రాబాద్ స్టేషన్‌లో కాజీపేట వైపు వెళ్లే రైలెక్కి, కేబినెట్ డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని, ర్యామ్ డబ్బా మాత్రం చేతిలోనే ఉంచుకున్నావు. ఘట్‌కేసర్ దాటింది. పారదర్శకమైన ప్లాస్టిక్కు వెనక రెండు నల్లటి స్టిక్కులు, ఒక్కొక్కటీ ముప్పై గ్రాములో నలభయ్యో. ఆ లోహపు తొడుగు కింద ఎనిమిది చిప్పులు. ఒక్కో చిప్పులో 16 గిగాబిట్లు, అంటే దాదాపు 1,718 కోట్ల గదులు. ప్రతి గదిలోనూ ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజినీరు ఆలోచించి 1968లో పేటెంటు పొందిన అమరిక అది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్పులో 1,024 బిట్లు పడితే అది గొప్ప.

కెపాసిటర్‌లో నింపిన విద్యుత్తు నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకని నీ స్టిక్కుల్లో ప్రతి గదినీ 32 మిల్లీసెకన్లు గడిచేలోగా ఒకసారి చదివి, మళ్లీ నింపాలి. నువ్వు ఆట ఆపి అన్నానికి లేచినా, తెర ఆగిపోయి ఉన్నా, సెకనుకి ముప్పై సార్లకు పైగా వేల కోట్ల గదులూ నింపుకుంటూనే ఉంటాయి. కరెంటు పోయిందంటే ఉన్నదంతా పోయినట్టే. ఈ పని చూస్తే నాకు ఇప్పటికీ అబ్బురమే. భువనగిరి గుట్ట కిటికీలో కనబడి వెనక్కి పోయింది.

ఇంట్లో నేలమీద నూలు దుప్పటి పరిచి, బోర్డు డబ్బా మీదే బోర్డు పెట్టావు. ముందు కేబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న స్థిరవిద్యుత్తు పోతుంది. స్లాట్లు నాలుగు. పక్కన బోర్డు మీద తెల్లగా సన్నటి అక్షరాలు: ఏ1, ఏ2, బీ1, బీ2. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. జత వాటిలోకే వెళ్లాలి. ఏ1, ఏ2ల్లో పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానెల్ మీద పడతాయి, రెండు కొన్న ఫలితం పోతుంది.

స్లాటు చివర క్లిప్పు వెనక్కి తెరిచి, గాడి సరిచూసి, స్టిక్కుని నిటారుగా నిలబెట్టావు. రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా నొక్కావు. కదలడం లేదు. ఇంకాస్త. బోర్డు వంగుతున్నట్టనిపించి చేతులు వెనక్కి తీసుకున్నావు. గాడి సరిగ్గానే ఉంది, మళ్లీ చూడు. ఇది అంత బలం అడుగుతుంది. ఈసారి ఒక చివర, తర్వాత రెండో చివర. టక్. క్లిప్పు దానంతటదే లేచి స్టిక్కు చెంపలో కూర్చుంది. పక్కనుంచి చూస్తే బంగారు గీత ఎక్కడా పైకి కనబడకూడదు. కనబడటం లేదు. రెండోది కూడా టక్.

మిగతా బిగింపులన్నీ అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నాన్న కుర్చీ లాక్కుని వెనక కూర్చున్నాడు. స్విచ్ నొక్కావు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. బోర్డు మూల డీర్యామ్ అని రాసి ఉన్నచోట చిన్న లైటు వెలిగి, ఆరకుండా అలాగే ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"ఏందిరా, ఖరాబైందా?"

చెయ్యి స్విచ్ మీదికి పోతోంది. ఆపెయ్యకు. డీడీఆర్5 మొదటిసారి లేచేటప్పుడు ప్రాసెసర్ ఒక్కో స్టిక్కుతో ఒక్కో సంకేతం ఎంత ముందుగా, ఎంత ఆలస్యంగా పంపాలో ప్రయత్నించి చూసుకుంటుంది. ట్రైనింగ్ అంటారు. ఏఎం5లో దీనికి కొన్ని నిమిషాలు పట్టడం మామూలు, కొన్నిసార్లు పది దాకా. మధ్యలో కరెంటు తీసేస్తే మళ్లీ మొదటికి. ఈ నిమిషాల్లోనే బెదిరిపోయి, స్టిక్కులు పాడైపోయాయని డబ్బాలో పెట్టి వాపసు పట్టుకెళ్లినవాళ్లున్నారు. లైటు ఆరింది. తెరమీద బోర్డు కంపెనీ ముద్ర.

బయోస్‌లోకి వెళ్లావు. 32 జీబీ, రెండు స్లాట్లు, వేగం 4800. నువ్వు కొన్నది 6000 కదా? అది డబ్బా మీది హామీ. ఎక్స్‌పో ఆన్ చేసి చెప్పేదాకా బోర్డు 4800 దగ్గరే ఉంటుంది. చాలామంది పీసీల్లో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, డబ్బు కట్టి కొన్న వేగం ఒక్కరోజు కూడా వాడకుండా. ముందు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న కొత్త బయోస్ ఎక్కించావు. 2023లో కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు కాలిపోయాక, ఎస్ఓసీ వోల్టేజి 1.3 దాటకుండా కట్టేసింది ఆ తర్వాతి బయోస్‌లే, కాబట్టి పాతదాని మీద ఎక్స్‌పో ఆన్ చేయొద్దు. ఇప్పుడు ఎక్స్‌పో ప్రొఫైల్ 1. అంకెలు వాటంతటవే మారాయి: 6000, 30, 38, 38, 96, 1.35. ఇది ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుందని, దీనివల్ల ప్రాసెసర్‌కి ఏమైనా అయితే వారంటీ వర్తించదని ఏఎండీ రాస్తుంది. తెలిసి చేయి. ఎఫ్10. సేవ్. మళ్లీ నల్ల తెర, మళ్లీ ట్రైనింగ్. ఈసారి నాన్న ఏమీ అనలేదు.

విండోస్ ఎక్కించే తొందర ఉంది, నాకు తెలుసు. ముందు మెమ్‌టెస్ట్86. ఉచితంగా దొరికే దాంట్లో నాలుగు రౌండ్లుంటాయి, 32 జీబీకి కొన్ని గంటలు పడుతుంది. చెడిన మెమరీ మీద విండోస్ ఎక్కిస్తే ఫైళ్లు ఎక్కడ ఎలా పాడయ్యాయో కూడా తెలియదు, నెల తర్వాత ఆట మధ్యలో నీలం తెర వస్తే గ్రాఫిక్స్ కార్డుని తిడుతూ కూర్చుంటావు. ఒక్క తప్పు కనబడినా వదిలెయ్యకు. ముందు ఎక్స్‌పో ఆపేసి 4800లో మళ్లీ పరీక్షించు. అక్కడా తప్పులొస్తే నేరుగా వారంటీకే. పెన్‌డ్రైవ్ పెట్టి, పరీక్ష మొదలుపెట్టి, పడుకున్నావు.

పొద్దున్నే తెరమీద పెద్దక్షరాలతో పాస్ అని పచ్చగా ఉంది. తప్పులు సున్నా.

పదింటికల్లా విండోస్ లేచింది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కావు. వేగం 6000. వాడిన స్లాట్లు 4లో 2. నాన్న అద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు.

"ముప్పై రెండంటివి. ముప్పై ఒకటే చూపిస్తున్నదేందిరా? దుకాణపోడు..."

"కాదు నాన్నా." 31.1 అని ఉంది అక్కడ, కింద హార్డ్‌వేర్‌కి కేటాయించిందని ఇంకో వరస. "ప్రాసెసర్‌లనే ఓ చిన్న గ్రాఫిక్స్ చిప్ ఉంటది. కొంత అది పక్కకి పెట్టుకున్నది. మనకి వేరే కార్డు ఉంది గదా, బయోస్‌ల దాన్ని బంద్ చేస్తే ఆ మెమరీ మల్లా మనకే వస్తది."

"మరి చెయ్యి. పైసలు పెట్టి కొన్నదేనాయె."

రీస్టార్ట్ కొట్టావు. బయోస్‌లో ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతుకుతుంటే, ఎడమ చేత్తో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశావు. డౌన్‌లోడ్ చేయాల్సిన ఆట సైజు చూసి, హాట్‌స్పాట్ ఆపేసి, పక్కింటి అన్నని వైఫై పాస్‌వర్డ్ అడగడానికి నాన్నని పంపించావు.